స్థానమువారి సత్యభామ

అది 1920వ సంవత్సరము. బాపట్లలో ఆనాడు హరిశ్చంద్ర నాటకము ఆడవలసియున్నది. చంద్రమతి వేషధారి రాలేదు. హరిశ్చంద్రుడు లేనిచో ఆ నాటకము లేదు; చంద్రమతి లేనిచోను లేదు. కాటిలో కన్నకొడుకు కళేబరమును ఒడినుంచుకొని విలపించు ఆ తల్లి కనబడక ప్రేక్షకునకు ఆ కథ కథయే కాదు. అట్టి చిక్కు సమయమున పదునెనిమిదేండ్లు నిండియు నిండని యువకుడొకడు ఆ వేషము తాను ధరించెదనని ముందునకు వచ్చెను. అదియే ఆతని తొలి వేషము. మీసము మొలచుచున్న వయస్సున ఆ కుఱ్ఱవాడు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లియై రంగమెక్కెను. నాటకము ఆగిపోలేదు. తెలుగు నాటకరంగమునకు ఒక నటుడు దొరకెను.

ఆ యువకుడే స్థానము నరసింహారావుగారు. వారు 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో హనుమంతరావు, ఆదెమ్మ దంపతులకు జన్మించిరి. బాపట్ల భావనారాయణస్వామి కోవెలతో పేరుగన్న ఊరు. ప్రథమాంధ్ర మహాసభ 1913లో జరిగినది ఆ ఊరనే. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను మాట పెద్దల నోట వినవచ్చుచున్న ఆ దినములలో నరసింహారావుగారు పదకొండేండ్లు నిండని బాలుడు.

నేటి విద్యార్థులకు ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఆడువేషమునకు ఆడుది ఉండగా మగవాడేల? ఆనాటి సంఘమున గృహిణులు రంగమెక్కుట మర్యాద కాదని తలచెడివారు. కావున నూనూగు మీసముల వారిని, కంఠము సన్నగా నున్నవారిని వెదకి స్త్రీవేషములకు ఏర్పరచుకొనుట సమాజముల వాడుక. అన్నిచోట్లను ఇట్లే జరిగెనని చెప్పరాదు. కడప మండలమందలి సురభి గ్రామమున 1885లో పుట్టిన సురభి నాటకసమాజము వారు కుటుంబములుగా నాటకములాడుచు, తమ యింటి స్త్రీలచేతనే స్త్రీపాత్రలు వేయించిరి. కాని అది అరుదైన విషయము. ఇంగ్లండు దేశమునను 1660 ప్రాంతమువరకు రాణులు, రాకుమార్తెల వేషములు బాలురే ధరించిరి. షేక్స్పియరు తన నాయికలనందరను మగపిల్లలకొరకే వ్రాసెను. మహారాష్ట్రమున బాలగంధర్వుడును, గుజరాతున జయశంకర సుందరియు, చీనాదేశమున మే లాన్ఫాంగును స్త్రీవేషములతోనే లోకప్రసిద్ధులైరి. అంతదూరమేల? కృష్ణానదికి ఆవలిగట్టున కూచిపూడి యున్నది. భామాకలాపమున సత్యభామ వేషము కట్టుట అచ్చటి పురుషులకు తరతరముల విద్య.

ఐనను ఆడువేషము వేయువానికి లోకమున ప్రశంస యొక్కటియే దక్కదు. రాత్రి చప్పట్లు చరచినవారే పగలు వీథిలో చాటుగా నవ్వుదురు. నడకను వెక్కిరింతురు, మాటను అనుకరింతురు. ఆ నవ్వునకు ఓర్చుకొనువాడు కొందరిలో ఒకడు. ఆ నవ్వును మరపించువాడు నూటికొకడు. నరసింహారావుగారు రెండవ కోవకు చెందినవారు.

బాపట్లనుండి వారు తెనాలికి వచ్చి శ్రీరామవిలాస సభలో చేరిరి. బాపట్ల, తెనాలి రెండును మద్రాసు బెజవాడల నడుమ రైలుమార్గముననే యున్నవి. తెనాలినుండి మరియొక రైలుమార్గము చీలి డెల్టా పల్లెలగుండా రేపల్లెకు పోవును. కాలువలు, వరిచేలు, మిల్లులు గల ఆ సీమకు తెనాలి నడిబొడ్డు. కుప్పనూర్పిళ్ళు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడునప్పుడు జనమునకు నాటకమును మించిన వేడుక లేకుండెడిది. అట్టిచోట మంచి సమాజము వెలయుట వింతకాదు. మాధవపెద్ది వెంకట్రామయ్యగారు, వైద్యవృత్తిలో నుండియు రంగమును వదలలేని గోవిందరాజుల సుబ్బారావుగారు వంటి నటులు మసలిన ఊరది. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టినదియు తెనాలిలోనే. ఈ ఊరి ప్రేక్షకులను మెప్పించుట తేలిక కాదు. పద్యము బాగున్నచో 'వన్స్ మోర్' అని కేకలు వేయుదురు. పాత్ర ప్రాణములు విడుచుచున్నను సరే, లేచి మరల పాడి మరల చావవలసినదే. బాగులేనిచో ఆ సంగతియు అంత బిగ్గరగానే చెప్పుదురు!

నాటి రంగస్థలమున మైకులు లేవు. వెలుతురు అంతంతమాత్రము. నాటకము తెల్లవారువరకు సాగెడిది. వెనుకవరుసలో చాపపై కూర్చున్న రైతునకు గూడ ప్రతి అక్షరము వినబడవలెను. ఐనను అది స్త్రీకంఠము వలె మృదువుగా నుండవలెను. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చుటయే స్త్రీవేషధారికి మొదటి పరీక్ష. చాలమంది గొంతు సన్నము చేసి కీచుమని పలికి, దానినే స్త్రీత్వమనుకొనెడివారు. మెడ త్రిప్పుట, నడుము వంచుట, పైటకొంగు మాటిమాటికి సవరించుకొనుట వారికి తెలిసిన అభినయము. స్థానమువారి మార్గము వేరు. స్త్రీ యనగా ఒకతె కాదని వారు గ్రహించిరి. రాణి నడచినట్లు వెలయాలు నడువదు. భక్తురాలు తలయెత్తినట్లు గర్విష్ఠి తలయెత్తదు.

వారు ధరించిన పాత్రలను ఒకదాని ప్రక్క నొకటి నిలిపి చూచిన ఆ సంగతి తేటపడును. చింతామణి వేశ్యాకులమున పుట్టి, తుదకు భక్తిమార్గము పట్టినది. విప్రనారాయణ నాటకమందలి దేవదేవి పంతముతో ఒక విరాగిని లోబరచుకొని, ఆతని పతనమునకు తానే చింతించును. సారంగధర నాటకమున చిత్రాంగి సవతికొడుకును మోహించి, భంగపడి, పగ తీర్చుకొను రాణి. రోషనార మొగలుల అంతఃపురమున పెరిగిన రాచబిడ్డ. ఆమె కట్టుబొట్టు, పలుకుతీరు, సలాము చేయు తీరు తెలుగింటివి కావు. చింతామణి, దేవదేవి ఇరువురును మగవారిని ఆకర్షించు స్త్రీలే గదా యని ఇద్దరిని ఒక్కతీరున ఆడించినచో ప్రేక్షకునకు రెండు నాటకములు చూచిన ఫలితముండదు. స్థానమువారు ప్రతి పాత్రకును నడకయు, చూపును, చీరకట్టును, నగలును వేరువేరుగా ఆలోచించి ఏర్పరచుకొనెడివారు. ఆహార్యము వారికి అలంకారము మాత్రము కాదు, అభినయములో సగపాలు.

ఐనను ఇన్ని పాత్రలలో జనులు వారిని తలచుకొనునది సత్యభామగానే. ముత్తరాజు సుబ్బారావుగారు రచించిన శ్రీకృష్ణ తులాభారము ఆ నాటకము. కథ అందరెరిగినదే. శ్రీకృష్ణుడు తన కొక్కతెకే దక్కవలెనను కోర్కె సత్యభామది. నారదుడు ఆ కోర్కెను పసిగట్టి, వ్రతమను పేర, పతినే తనకు దానమిప్పించుకొనును. మరల పతిని పొందవలెనన్న ఎత్తునకు ఎత్తు బంగారము తూచవలెను. ఇంటనున్న సొమ్ములన్నియు తక్కెడలో పోసినను కృష్ణుడున్న సిబ్బె పైకి లేవదు. తుదకు సవతి రుక్మిణి భక్తితో ఉంచిన తులసీదళముతో తూకము సరిపోవును.

ఈ పాత్రలో నటునకు గల కష్టమును కొంచెము ఆలోచింపుడు. సత్య గర్వము చూచి ప్రేక్షకుడు నవ్వవలెను, కాని ఆమెను అసహ్యించుకొనరాదు. ఆమె పతిని దానమిచ్చునది ప్రేమ లేక కాదు, ప్రేమ మితిమీరి. తక్కెడ కదలనప్పుడు, ఒంటిమీది నగలను ఒక్కొక్కటిగా ఊడ్చి వేయునప్పుడు, ఆ గర్వము ఎక్కడ కరగుచున్నదో కనబడవలెను. మొదటి అంకములలో ఎంత ఎత్తునకు ఎక్కినచో, చివర అంత దిగుట సాధ్యము. స్థానమువారు ఎక్కు దారిని బాగుగా ఎరిగినవారు. అందుకొరకు ఒక పాటను వారే రచించి నాటకమున చేర్చుకొనిరి. 'మీరజాలగలడా' అను ఆ పాట తెలుగునాట వినని వారుండరు. కృష్ణుడు తన యాజ్ఞకు లోబడినవాడని సత్య నమ్మి, ఆ నమ్మకమున మురిసిపోవు ఘట్టమది. నాటకకర్త వ్రాసిన పాత్రలో తనకు కావలసిన మెట్టు ఒకటి లేదని నటుడు కనుగొని, దానిని తానే కట్టుకొనుట సామాన్యమైన విషయము కాదు. నేడు ఆ పాట లేని తులాభారమును ఊహించుటయే కష్టము. నాటకము వ్రాసినవారి పేరు మరచినవారు గూడ ఆ పాటను మరువలేదు. ఇది నాటకకర్తకు కొంత అన్యాయమే.

అటుపిమ్మట స్థానమువారి కీర్తి తెనాలి దాటి, ఆంధ్రదేశమంతయు నిండెను. సుమారు నలువదేండ్ల కాలమున వారు రంగమెక్కిన రాత్రులు వేయికి మించినవి. ఆనాటి మేటి నటులందరి సరసనను వారు నాయికలైరి. బర్మాదేశమందలి రంగూనులో రేవులలోను, బియ్యపు మిల్లులలోను పనిచేయుటకు కోస్తా మండలములనుండి పోయిన తెలుగువారు పెక్కుమంది యుండిరి. 1938లో అచ్చట వారికి బంగారు కిరీటమును బహూకరించిరి. బాపట్లలో ఆకస్మికముగా ఆడువేషము కట్టిన కుఱ్ఱవానికి ఇది పదునెనిమిదేండ్ల పిదప సముద్రమావల దక్కిన గౌరవము.

కాని ఆ సంవత్సరమునకే కాలము మారుచుండెను. తెలుగున మొదటి మాటల చిత్రము 'భక్తప్రహ్లాద' 1932లో వచ్చెను. అందు లీలావతి వేషము ధరించినది సురభి కమలాబాయి. అనగా తెర తన మొదటి దినముననే స్త్రీపాత్రను స్త్రీకి అప్పగించెను. రంగస్థలమున ప్రేక్షకునకును నటునకును నడుమ దూరమున్నది, దీపముల వెలుగున్నది, అన్నింటికి మించి ఒక ఒప్పందమున్నది: ఈతడు పురుషుడని మాకు తెలియును, ఐనను ఈ రాత్రికి ఈమె సత్యభామ. చిత్రములు తీయు యంత్రమునకు ఈ ఒప్పందము పట్టదు. అది ముఖమునకు మూరెడు దూరమునకు వచ్చి గడ్డపు నీడను చూపును. బాలగంధర్వునంతటి వానికి గూడ 1935లో 'ధర్మాత్మ' చిత్రమున దొరకినది పురుషుడైన ఏకనాథుని వేషమే. స్థానమువారు 1939లో 'రాధాకృష్ణ' చిత్రమునను, తరువాత 'సత్యభామ' చిత్రమునను నటించిరి. రంగస్థలము వలె తెర వారికి అచ్చిరాలేదు. కారణము వారి నటనలో వెదకుట న్యాయము కాదు. ఈదుటలో నేర్పరియైన వానిని పరుగుపందెమున నిలిపి, ఓడినాడనుట వంటిది అది.

ఇదే డెల్టాలో పుట్టి తెరను గెలిచిన మరియొక నటుని కథ ఇచ్చట చెప్పక తప్పదు. తెనాలినుండి పోవు రైలు కడపటి మజిలీ యగు రేపల్లెలో 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీన ఉప్పలదడియం నాగయ్యగారు జన్మించిరి. చిత్తూరు నాగయ్యగా లోకము ఎరిగినది వీరినే. పెరిగినది చిత్తూరు సీమ. విచిత్రమేమనగా, చిత్తూరులోను ఒక రామవిలాస సభ యుండెను. అందు నాగయ్యగారికి పేరు తెచ్చినది సారంగధర నాటకమందలి చిత్రాంగి వేషము! బాపట్ల పిల్లవాడును, రేపల్లె పిల్లవాడును రెండేండ్ల యెడముతో పుట్టి, రెండు దూరపు ఊళ్ళలో, ఒకే పేరుగల సభలలో, ఒకే రాణి వేషము ధరించిరి. అచ్చటినుండి దారులు చీలినవి.

నాగయ్యగారు కొంతకాలము గుమాస్తాగాను, పత్రికా విలేఖరిగాను పనిచేసి, స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని, 1938లో 'గృహలక్ష్మి'తో తెరపైకి వచ్చిరి. మరుసటి యేట 'వందేమాతరము' వారిని కథానాయకుని చేసెను. పిదప 'భక్త పోతన'. 1946లో తామే దర్శకత్వము వహించి, సంగీతము కూర్చి, నటించిన 'త్యాగయ్య'. 1947లో 'యోగి వేమన'. ఆ ముగ్గురు మహనీయుల రూపము తలచినంతనే తెలుగువారిలో చాలమందికి మనసున మెదలునది నాగయ్యగారి ముఖమే. దగ్గరనుండి చూచు యంత్రమునకు దాచవలసినది ఏదియు లేని ముఖమది. కొందరు పాత్రికేయులు వీరిని భారతదేశపు పాల్ మ్యూనీ యనిరి. పాల్ మ్యూనీ అమెరికా దేశపు నటుడు. యూదుల యిద్దిష్ భాషా నాటకములలో పండ్రెండేండ్ల ప్రాయముననే ఎనుబదేండ్ల వృద్ధుని వేషము వేసినవాడు; తరువాత తెరపై లూయీ పాశ్చరు పాత్ర ధరించి ఆస్కారు బహుమానము గెలిచెను. నిజమునకు ఆ పోలిక స్థానమువారికిని కొంత తగును. వయస్సునకు మించిన వేషముతో బాల్యముననో యౌవనారంభముననో మొదలిడి, ప్రతి పాత్రకును రూపమును మార్చుకొనుట ఆయనకును వీరికిని సామాన్య గుణము. భేదమొక్కటే: మ్యూనీ పాశ్చరును నేటికిని చూడవచ్చును. నాగయ్యగారి త్యాగయ్యనుగూర్చియు విద్యార్థి తన యింటి పెద్దలను అడిగి తెలిసికొనవచ్చును.

స్థానమువారి సత్యభామను చూచుట ఎట్లు? గ్రామఫోను రికార్డులలో వారి కంఠము కొంత నిలిచినది. ఆ నడక నిలువలేదు. చూచినవారు చెప్పగా విన్నవారు, విన్నవారు చెప్పగా వ్రాసినవారు మాత్రమే మిగిలిరి. ఈ నష్టమును వారు ముందుగానే ఎరిగిరేమో యనిపించును. తమ నట జీవితానుభవములను 'నటస్థానం' అను గ్రంథముగా వ్రాసి ఉంచిరి. నటులు పద్యము పాడుదురు గాని తమ విద్యను వ్రాసిపెట్టుట తక్కువ. ఏ పాత్రకు ఏమి ఆలోచించితిమి, ఎందుకట్లు చేసితిమి యని చెప్పుటకు ఓపిక కావలెను, తన విద్య తనతో పోరాదను తపన కావలెను.

1956లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమిచ్చెను. తెలుగు నటులలో ఆ గౌరవము మొదట పొందినవారు వీరే. నాగయ్యగారికి అది 1965లో వచ్చెను. అక్కినేని నాగేశ్వరరావు, నందమూరి తారకరామారావు గారలకు 1968లో. తెరమీది వెలుగంతయు నిలిచియుండగా, తెర అచ్చిరాని నటునకు, అందును జీవితమంతయు చీరకట్టి ఆడినవానికి, ఆ మర్యాద ముందుగా దక్కుట గమనింపదగినది. వీథిలో చాటుగా నవ్వినవారి మాట అప్పటికి ఎవరికిని జ్ఞప్తి లేదు.

అప్పటికే రంగస్థలమున గూడ స్త్రీపాత్రలు స్త్రీలే ధరించుట ఎక్కువయ్యెను. అది రావలసిన మార్పు. దానిని కాదనువారెవ్వరును లేరు. నాగయ్యగారు సంపాదించినదంతయు దానధర్మములకును, చిత్రనిర్మాణమునకును వెచ్చించి, కడపటి దినములలో చిన్న వేషములతో జీవనము సాగించి, 1973లో మద్రాసున కన్నుమూసిరి. స్థానమువారు అంతకు రెండేండ్లు ముందుగా, 1971వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన గతించిరి.

వారు జీవించియుండగనే, 1966లో, శ్రీకృష్ణ తులాభారము రంగుల హంగులతో చిత్రముగా వెలువడెను. కృష్ణుడు తారకరామారావుగారు. స్థానమువారు వ్రాసిన పాటను చిత్రకారులు విడువలేదు. పెండ్యాల నాగేశ్వరరావుగారు సంగీతము కూర్చగా సుశీలగారు పాడిరి. తెరపై ఆ పాటకు అభినయించిన సత్యభామ జమున. హంపిలో పుట్టినను, ఆమె పెరిగినదియు, చిన్ననాట నాటకములలో పాల్గొన్నదియు దుగ్గిరాలలో. తెనాలినుండి బెజవాడకు పోవు రైలుమార్గమున దుగ్గిరాల కొలది మైళ్ళ దూరములోనే యున్నది.